చెప్పవలెనా, ఊరకుండవలెనా?

మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో పాటలు కోరేవి ఎక్కువ. పంటల తెగుళ్లను గురించి అడిగేవి వాటి తరువాతివి. ఈమధ్య వడ్డేపల్లి నుండి వచ్చిన ఒక ఉత్తరం ఈ రెండు తరగతులలోనూ చేరలేదు. వ్రాసినవారు పేరు బయటపెట్టవద్దని కోరారు. సంగతి మాత్రం పదిమందికీ పనికివచ్చేది కనుక ఈనాటి ప్రసంగానికి దానినే విషయంగా తీసుకొన్నాము.

వడ్డేపల్లి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలోనిది. పూర్వం మహబూబునగరం జిల్లాలో ఉండేది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఈ సీమ విత్తనపు పత్తికి పేరుపడ్డది. సాయంకాలం మొగ్గలలోని పుప్పొడి భాగాన్ని గిల్లివేసి, మరునాటి ఉదయం వేరే వరుసలోని పూల పుప్పొడిని వాటికి అద్దే పని అంతా చేతితోనే జరగాలి. ఆ రోజులలో ఆడవారు తెల్లవారకముందే చేలకు పోతారు, చీకటి పడ్డాక ఇల్లు చేరుతారు. పోవడానికైనా రావడానికైనా చాలామందికి ఆటోలే ఆధారం.

మన శ్రోతకు రోడ్డు ప్రక్కన చిన్న అంగడి ఉన్నది. కూలీలను చేరవేసే ఆటోలలో ఒకదానిని నడిపే ఆయన ఈ శ్రోతకు వరుసకు బావ. మనిషి మంచివాడు, ఒకరి సొమ్ముకు ఆశపడడు. అయితే సాయంకాలమయ్యేసరికి కల్లు దుకాణం దగ్గర ఆగడం అలవాటు చేసుకొన్నాడు. ఒకనాటి సంధ్యవేళ ఆడకూలీలను ఎక్కించుకొన్న ఆటో అంగడి గోడను ఒరుసుకొని పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. బావ నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. పోలీసులకు చెబుదామంటే ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు, అక్క ముఖం చూడలేము. చెప్పకుండా ఉందామంటే ఆటో చప్పుడు వినబడినప్పుడల్లా గుండె దడదడలాడుతుంది. ఏమి చేయమంటారు అని ఉత్తరం ముగిసింది.

ఇది ఒక్క వడ్డేపల్లి ప్రశ్న కాదు. ఆ ఊరికి ఎంతో దూరం కాని రహదారిమీదనే దీనికి భయంకరమైన నిదర్శనం ఒకటి ఉన్నది. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు నుండి బెంగళూరు పోతున్న ఒక ప్రైవేటు బస్సు నడిగడ్డను దాటి, తుంగభద్రను దాటి, కర్నూలుకు దక్షిణాన చిన్నటేకూరు వద్ద దగ్ధమయింది. పందొమ్మిదిమంది ప్రయాణికులు మరణించారు. అంతకు కొద్ది నిమిషాల ముందు ఒక యువకుడు మోటారు సైకిలుతో జారిపడి ప్రాణం కోల్పోయాడు. రోడ్డుకు అడ్డంగా పడిన ఆ బండినే బస్సు ఈడ్చుకొనిపోయింది. మంట అక్కడనే పుట్టింది. ఆ యువకుడూ, వెనుక కూర్చున్న స్నేహితుడూ మద్యం సేవించి ఉన్నట్లు పరీక్షలలో తేలింది. ప్రమాదానికి కొంచెం ముందు పెట్రోలు బంకువద్ద అతడు బండిని ఇష్టం వచ్చినట్లు త్రిప్పిన దృశ్యం నిఘా కెమెరాలో నమోదయింది. మంటలు అంతగా వ్యాపించడానికి బస్సుకు సంబంధించిన కారణాలు వేరే ఉన్నవి. బంకువద్ద ఉన్నవారిని నిందించడమూ మా ఉద్దేశం కాదు. మేము చెప్పదలచినది ఇంతే: త్రాగి నడిపేవాడు తన ప్రాణాన్ని మాత్రమే పణంగా పెడతాడని మనం అనుకొంటాము. ఆ రాత్రి ఆ పందొమ్మిదిమంది అతనిని చూడనైనా లేదు.

చట్టం ఏమంటున్నది? 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్న మనిషి వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు ఆరు నెలల వరకు ఖైదు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండూ విధించవచ్చు. మళ్లీ చేస్తే ఖైదు రెండేళ్ల వరకు, జరిమానా పదిహేనువేలకు పెరుగుతుంది. లోపలికి పోయినది కల్లా, బీరా, విస్కీయా అని చట్టం అడగదు. ఇదే చట్టంలోని 188వ సెక్షను ఇట్టి నేరానికి ప్రోత్సాహం ఇచ్చినవారికీ అదే శిక్ష అంటున్నది. త్రాగిన స్నేహితుని చేతికి తాళంచెవి అందించి, పోయిరా అని భుజం తట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

కాని చూచినవాడు చెప్పి తీరవలెనని చట్టం ఆజ్ఞాపించిందా? లేదు. హత్య, దోపిడి వంటి కొన్ని ఘోరనేరాల విషయంలో తెలిసిన సమాచారాన్ని అధికారులకు అందించడం పౌరుని విధి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 33వ సెక్షనులో ఆ పట్టిక ఉన్నది. త్రాగి బండి నడపడం ఆ పట్టికలో లేదు. కాబట్టి ఊరకున్నవానిని ఏ న్యాయస్థానమూ నిలదీయదు. చట్టం వదిలిపెట్టిన ఈ జాగాలోనే మన శ్రోత అంతరాత్మ నిలబడి ఉన్నది.

మన శ్రోతను వెనుకకు లాగుతున్న అభ్యంతరాలు తేలికైనవి కావు. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

మొదటిది: ఇది చాడీ చెప్పడం కాదా? మనలో చాడీలు చెప్పేవానికి గౌరవం లేదు, ఉండకూడదు కూడాను. అయితే చాడీ అనేది జరిగిపోయిన దానిని ఒకని చెడుపు కోరి మోసుకొనిపోవడం. కదులుతున్న బండిని ఆపమని కేక వేయడం వేరు. బావిగట్టున పసివాడు ప్రాకుతుంటే తల్లిని పిలిచినవానిని ఎవరూ చాడీకోరు అనరు. రెంటికీ తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉన్నది. మనం చెప్పేది ప్రమాదం తప్పించడానికా, కక్ష తీర్చుకోవడానికా? పొలం గట్టు తగాదా మనసులో పెట్టుకొని నిన్న అతడు త్రాగి నడిపాడని ఈరోజు చెప్పడం చాడీయే. ఇప్పుడు ఈ క్షణాన ఎనిమిదిమందితో బయలుదేరుతున్నాడని చెప్పడం రక్షణ.

రెండవది: మనం పొరబడితే? తూలినవాడల్లా త్రాగినవాడు కాడు. చక్కెర వ్యాధి ఉన్నవానికి రక్తంలో చక్కెర పడిపోతే మాట తడబడుతుంది, నడక తప్పుతుంది. రెండు రాత్రులు నిద్ర లేనివాడు కూడా గీత దాటి నడుపుతాడు. అందువల్ల తీర్పు చెప్పవద్దు, చూచినది చెప్పండి. ఫలానా నంబరు బండి, ఫలానా వైపు పోతున్నది, రోడ్డుకు ఆ ప్రక్కకూ ఈ ప్రక్కకూ పోతున్నది, లోపల మనుషులు ఉన్నారు. ఇంతవరకే మన పని. తక్కినది యంత్రం తేలుస్తుంది. ఊపిరితిత్తులలో రక్తం గాలిని తాకినప్పుడు అందులోని ఆల్కహాలు కొంత ఊపిరిలో కలుస్తుంది. పోలీసువారి చేతిలోని పరికరం ఆ ఆల్కహాలునుండి పుట్టే స్వల్ప విద్యుత్తును కొలిచి అంకెలలో చూపుతుంది. అంకె తక్కువ వస్తే అతడు తన దారిన పోతాడు. జబ్బు మనిషి అయితే, ఆపినందువల్ల అతని ప్రాణమే దక్కవచ్చు.

మూడవది, అన్నిటికంటె బరువైనది: అతని జీవనోపాధి. జరిమానా పడితే నెల సంపాదన పోతుంది. లైసెన్సును కొంతకాలం నిలిపివేస్తే ఇల్లు గడవదు. ఇది నిజం, దీనిని చిన్నచేసి చెప్పడం న్యాయం కాదు. అయితే త్రాసులో రెండవ తట్ట కూడా ఉన్నది. ప్రమాదమే జరిగితే మద్యం కారణంగా బండి నష్టానికి బీమా సొమ్ము రాకపోవచ్చు. కేసు మాత్రం మెడకు చుట్టుకొంటుంది. ఆటో పోతుంది, లైసెన్సు పోతుంది, వెనుక కూర్చున్న తల్లులలో ఒకరు పోవచ్చు. మన శ్రోత బావ సంపాదనను లెక్కించారు. ఆ ఎనిమిదిమంది కూలిడబ్బులతో కూడా ఎనిమిది పొయ్యిలు వెలుగుతున్నవి. వారిది లెక్కలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే: వారిలో ఎవరూ అక్క కారు.

నాలుగవది: నెమ్మదిగా నడుపుతాడులే, కాసేపు పడుకొంటే దిగిపోతుందిలే అనే సర్దుబాటు. శరీరం ఆల్కహాలును తన వేగానే ఖర్చు చేస్తుంది. ఆ వేగం సాధారణంగా గంటకు నూరు మిల్లీలీటర్ల రక్తంలో పదిహేను మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, వీటిలో ఏదీ దానిని తొందరపెట్టలేదు. అర్ధరాత్రి 120 ఉన్నవానికి తెల్లవారి అయిదు గంటలకు కూడా 45 మిగిలి ఉండవచ్చు. అంటే చట్టపు హద్దుకు పైనే. కూలీల మొదటి ట్రిప్పు బయలుదేరేది ఆ వేళనే.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పకుండా ముందుకు పోవడం ధర్మం కాదు. చాలా ఏళ్ల క్రిందట ఒక పెండ్లివిందు తరువాత మాతో చదువుకొన్న మిత్రుడు తూలుతూ కారు ఎక్కాడు. మేము తలుపు దగ్గర నిలబడి, జాగ్రత్తగా పో అన్నాము. అంతకుమించి అంటే నలుగురిలో అతనికి చిన్నతనమని ఊరుకొన్నాము. అతడు క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ క్షేమమే మమ్మల్ని చెరిపింది. అదృష్టాన్ని వివేకమనుకొని, అటుపైన ఎన్నిసార్లు చూచినా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టాము. మూడవ ఏట ఒక వేకువజామున అతని కారు సైకిలుమీద పాలు తెచ్చే మనిషిని కొట్టింది. ఆయన ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. జాగ్రత్తగా పో అనే మాట మాత్రం నేటికీ మా నోట సులభంగా రాదు.

అందువల్ల మన శ్రోతకు మేము చెప్పగలిగినది ఇది. దగ్గరివానికి చేయవలసిన పని ఫోనుతో మొదలు కాదు, ఫోనుతో ముగుస్తుంది. పగటిపూట, త్రాగని వేళ, అక్కయ్య ఎదుట బావతో మాట్లాడండి. గోడను ఒరుసుకొన్న సంగతి దాచకుండా చెప్పండి. మళ్లీ త్రాగి బండి ఎక్కితే పోలీసులకు చెబుతానని ముందుగానే మాట ఇవ్వండి. ముందు హెచ్చరించినవాడు ద్రోహి కాడు. కూలీలకు కూడా చెప్పండి. వారు ఎక్కము అని దిగిపోతే ఆటో తనంతట ఆగుతుంది. ఆడవారి మాట ఏపాటిదని ఎవరైనా అంటే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురునిలిచిన ఆడవారిని తలచుకోమనండి. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. అక్కడ కూడా త్రాగినవారు పరాయివారు కారు. భర్తలూ, అన్నదమ్ములూ, కొడుకులూ.

ఇన్ని చేసినా ఒక సాయంకాలం ఆయన త్రాగి బండి కదిలిస్తే తాళంచెవి తీసుకొనే ప్రయత్నం చేయండి. అదీ కుదరకపోతే ఇక ఆలోచన వద్దు. 112కు ఫోను చేయండి. జాతీయ రహదారిమీద అయితే 1033 కూడా ఉన్నది. బండి నంబరు, రంగు, పోతున్న దిక్కు, లోపల ఎందరున్నారో చెప్పండి. పేరు బయటికి రానీయవద్దని అడగండి. మీరు మరొక బండిలో వెంటపడవద్దు. దానివల్ల ప్రమాదాలు రెండవుతవి. దారిన పోయే అపరిచితుని విషయంలో ఈ మెట్లన్నీ అక్కరలేదు. అక్కడ చివరి మెట్టే మొదటి మెట్టు.

మరునాటి పని ఒకటి మిగిలి ఉంటుంది. చెప్పినవాడు ఆ ఇంటికి ముఖం చాటు చేయకూడదు. లైసెన్సు తిరిగి వచ్చేదాకా అక్కయ్య ఇంట బియ్యం నిండుకోకుండా చూడవచ్చు. అంగడి ఉన్నది కనుక నాలుగు వారాలు అప్పు వ్రాసుకోవచ్చు. త్రాగుడు మానే వైద్యానికి బావ వెంట ఆసుపత్రికి పోవచ్చు. అప్పుడు చెప్పిన మాటలోని ప్రేమ ఆ ఇంటివారికి తెలుస్తుంది. వెంటనే తెలియకపోవచ్చు. కొంతకాలం ఆ ఇంట మీకు మంచినీళ్లు పుట్టకపోవచ్చు. అది మీరు భరించవలసిన బరువు. దానిని మేము తగ్గించి చెప్పలేము.

ఇక ఉత్తరంలోని చివరి వాక్యానికి సమాధానం. ఆటో చప్పుడు విన్నప్పుడల్లా గుండె దడదడలాడుతున్నదని వ్రాశారు. ఆ దడ పిరికితనం కాదు. ఆ బండిలోని ఎనిమిదిమందికీ తెలియనిది మీకు తెలుసునని అది గుర్తుచేస్తున్నది. తెలిసినది మీకు ఒక్కరికే కనుక, చెప్పవలసినవారు కూడా మీరే.