వినికిడి యంత్రము

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలుకు సమీపమున, నాచారమను పేట కలదు. అచ్చట నొక పెద్ద పారిశ్రామికవాడయు, దాని చుట్టును కార్మికుల యిండ్లును ఉన్నవి. ఉద్యోగ విరమణానంతరము నేనా పేటలోనే నివసించుచున్నాను. మా యింటికి రెండిండ్ల అవతల నొక వృద్ధుడు కలడు. ఆయన ముప్పది సంవత్సరములు ఒక కర్మాగారమున, కాల్చిన యినుమును సాగగొట్టు పెద్ద సుత్తియంత్రము కడ పనిచేసెను.

మొదట నేనాయనను గర్విష్ఠి యని తలచితిని. నేను నమస్కరించి పలుకరించినను ఒక్కొక్కప్పుడు బదులు చెప్పక సాగిపోవువాడు. "ఆరోగ్యమెట్లున్నది?" అని యడిగిన "అవునవును" అని తల యూపువాడు. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన మనుమరాలు ఒకనాడు నాతో, "తాతయ్యకు సరిగా వినబడదు, మాస్టారూ! ఆ మాట చెప్పుకొనుటకు ఆయనకు సిగ్గు" అనెను. అది విని నేనే సిగ్గుపడితిని. అన్ని యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పియు, ఎదుటివాని మౌనమునకు కారణమేమో విచారింపనైతిని.

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అను సామెతను మీరు వినియే యుందురు. కాని గోలవలన వచ్చు చెవుడు ఆ సామెతకు లొంగదు. ఆ వృద్ధునకు శంఖము వినబడును. వీథిలో పోవు లారీ మ్రోతయు వినబడును. తెలియనిది మనుమరాలి మాట మాత్రమే. దీనికి కారణమేమి?

మన లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న చిన్న భాగమొకటి కలదు. దానికి కర్ణావర్తమని పేరు. అందు సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణము లుండును. శబ్దతరంగములు సోకినపుడవి కదలి, ఆ వార్తను నరము ద్వారా మెదడునకు పంపును. పిల్లగాలికి వరిపైరు వంగి లేచును. పెనుగాలికి పడిపోయినది లేవదు. రోమకణముల గతియు నట్టిదే. పక్షులలో ఈ కణములు నశించినను మరల పుట్టును. మనుష్యులలో పుట్టవు.

గోలవలన ముందుగా చెడునవి సన్నని ధ్వనులను, అనగా సెకనుకు సుమారు 4000 కంపనములు గల ధ్వనులను గ్రహించు కణములు. మన మాటలలో అచ్చులు బలముగా, తక్కువ కంపనములతో పలుకును. స, శ, చ, త వంటి హల్లుల ధ్వని సన్ననిది. అందుచే ఇట్టి చెవిటివానికి అచ్చులు వినబడి, హల్లులు జారిపోవును. పాలు, కాలు, చాలు అను మూడు మాటలును ఒక్క తీరుననే తోచును. ఒకనాడు మనుమరాలు "పాలు చాలునా, తాతయ్యా?" అని యడుగగా, "నా కాలికేమైనది?" అని ఆయన అడిగెను. ఇంటివారందరును నవ్విరి. ఆయన నవ్వలేదు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జినీ, వెనిసు నగరమున రాగిని కొట్టు పనివారు చెవిటివారగుచున్నారని 1713లో వ్రాసెను. 1886లో గ్లాస్గో నగరమున థామస్ బార్ అను వైద్యుడు 100 మంది బాయిలరు పనివారిని పరీక్షింపగా, వారిలో నొక్కనికైనను వినికిడి సరిగా లేదు.

ధ్వని తీవ్రతను డెసిబెల్ అను ప్రమాణముతో కొలుతురు. సామాన్య సంభాషణ సుమారు 60 డెసిబెల్‌లు. 85 డెసిబెల్‌ల గోలలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదని నిపుణుల మతము. 3 డెసిబెల్‌లు హెచ్చినచో శబ్దశక్తి రెండింతలగును; కనుక 88 డెసిబెల్‌ల కడ 4 గంటలే హద్దు. కొలుచు సాధనము లేనిచో నొక గుర్తు కలదు. చేయి చాచినంత దూరమున నున్నవానితో గొంతెత్తి మాటాడవలసి వచ్చినచో, ఆ చోటు చెవికి ప్రమాదకరము.

మనుమరాలి పట్టుదలచే ఆ వృద్ధుడు పరీక్షకు వెళ్లెను. నగరమున ఇందుకు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. హైదరాబాదువాడై, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండిన అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో ఒక జాతీయ సంస్థ స్థాపింపబడెను. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదు మనోవికాస్ నగరులో నున్నది. పేదలకు ఉచితముగా యంత్రము నొసగు కేంద్రప్రభుత్వ పథకమును కలదు. పరీక్షకై నిశ్శబ్దమైన గదిలో కూర్చుండబెట్టి, చెవులకు ధ్వనులు వినిపింతురు. వినబడినప్పుడెల్ల మీట నొక్కవలెను. ఏ ధ్వని యెంత బలముగా నున్న వినబడునో గీతగా గీసి, దానికి తగినట్లు యంత్రమును సరిచేయుదురు.

వినికిడి యంత్రమున నొక చిన్న మైకు, ధ్వనిని సవరించి పెంచు భాగము, చెవిలోనికి వినిపించు భాగము, బ్యాటరీ యుండును. యంత్రము ధ్వనిని పెంచగలదు గాని, చచ్చిన కణములను బ్రతికింపలేదు. కావున కళ్లజోడు పెట్టగనే అక్షరములు కనబడినట్లు, యంత్రము పెట్టగనే మాటలు తెలియవు. మొదటిదినమున ఆయనకు ఫంకా రొద, గిన్నెల చప్పుడు, పత్రిక తిప్పిన గలగల శబ్దము తల పగులగొట్టినట్లయ్యెను. పెట్టెలో పెట్టి మూసివేసెను. పలువురి యంత్రములు ఆ పెట్టెలోనే మిగిలిపోవును.

పరీక్షకులు చెప్పిన ఉపాయము వేరు. మొదటివారము నిశ్శబ్దమైన యింటిలో ఒకటి రెండు గంటలు ధరింపవలెను. పిమ్మట ఒక్కరితో, తరువాత ఇద్దరితో మాటాడుచు కాలమును పెంచవలెను. ఏండ్ల తరబడి వినని ధ్వనులను గుర్తించుటకు మెదడు మరల నేర్చుకొనవలెను గదా! మనుమరాలు ప్రతి సాయంకాలము తన తెలుగు వాచకమునుండి ఒక పుట ఆయనకు చదివి వినిపించెను. నీరు, చెమట తగులకుండ యంత్రమును కాపాడుటయు, స్నానమునకు ముందు తీయుటయు ఆమె గుర్తుచేసెడిది.

ఇంటివారును కొన్ని నియమములు నేర్చిరి. వెలుతురులో, ఎదుట నిలిచి మాటాడవలెను. ఒకరి తరువాత నొకరు పలుకవలెను. వేరొక గదినుండి పిలువరాదు. అరవరాదు, అరచినచో మాట స్పష్టమగుటకు మారుగా చెవికి బాధ కలుగును.

మూడు మాసముల పిదప నొక సాయంకాలము ఆ బాలిక "శాంతి" అను మాటను "సాంతి" అని చదివెను. "అది స కాదు, శ" అని తాత దిద్దెను. ఆమె పుస్తకము వదలి పరుగున మా యింటికి వచ్చి ఆ వార్త చెప్పెను. నేటికిని పెండ్లిపందిటిలో ఆయనకు మాటలు సరిగా తెలియవు. కాని ఇప్పుడాయన దాచుకొనడు. "నాకు వినికిడి తక్కువ, నా యెదుట నిలిచి చెప్పుడు" అని తానే యడుగును.

విద్యార్థులారా! ఆయన పనిచేసిన కాలమున చెవులలో దూది పెట్టుకొనువానిని తోడివారు పిరికివాడని యెగతాళి చేసెడివారట. మీరట్లు చేయకుడు. ఊరేగింపులో పెద్ద స్పీకర్లకు దూరముగా నిలువుడు. చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోనుల ధ్వని తగ్గింపుడు. చెవిలో గుయ్యిమను మ్రోత నిలిచినచో, అది చెవి చేయు హెచ్చరిక యని యెరుగుడు. మీ యింట వినబడని పెద్దలున్నచో, వారి యెదుట కూర్చుండి నెమ్మదిగా మాటాడుడు. ఎంత మంచి యంత్రమైనను ఆ పని చేయలేదు.