టీవీలో మన ఇంటి ఫోటోలు



ఇంట్లో షష్టిపూర్తి అనగానే పాత ఆల్బములన్నీ అటకమీది నుంచి దిగుతాయి. ఆ ఫోటోలన్నీ వరుసగా కూర్చి, పాట జతచేసి, డీవీడీ చేయించి, వచ్చినవాళ్ళందరికీ టీవీలో చూపించాలని మనకి ముచ్చట. ఫోనులో చూపిస్తే పోదా అంటారు పిల్లలు. అరచేతంత తెరమీద ఎనభై ఏళ్ళ కళ్ళకి ఏం కనిపిస్తుంది చెప్పండి? అయితే కంప్యూటరులో చక్కగా వున్న ఫోటో టీవీలో తలలు తెగి, అలుక్కుపోయి కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకలా అవుతుందో తెలిస్తే ముందే జాగ్రత్తపడవచ్చు.

ముందు అంచుల సంగతి. టీవీ, ముఖ్యంగా పాత పిక్చర్ ట్యూబు టీవీ, బొమ్మను కాస్త పెద్దది చేసి చుట్టూ అంచులు దాచేస్తుంది. నూటికి అయిదు వంతులు, ఒక్కొక్కప్పుడు పది వంతులదాకా పోవచ్చు. కొత్త ఎల్.ఇ.డి. టీవీల్లోనూ కొన్ని ఈ పని చేస్తాయి. మీ అత్తగారి తల్లిగారిది ఇంట్లో ఒకే ఒక్క ఫోటో వుందనుకోండి. అందులో ఆవిడ ఓ మూల నిలబడి వున్నారు. ఆ మూలనే టీవీ మింగేస్తే? అందుకని ముఖాలూ, కింద రాసే పేర్లూ అంచులకి ఎడంగా, మధ్యకు జరిపి వుంచండి.

రెండోది, డీవీడీలో పట్టే వివరమే తక్కువ. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. అన్నీ కలిపితే 4 లక్షల 15 వేలు. ఫోను తీసే 12 మెగాపిక్సెల్ ఫోటోలో కోటీ 20 లక్షలు వుంటాయి. అంటే సుమారు ముప్పయ్యో వంతే మిగులుతుందన్నమాట! నలభైమంది గ్రూపు ఫోటో పెడితే ముఖాలు ఆవగింజలే. గ్రూపు ఒకసారి పూర్తిగా చూపించి, తరవాత నలుగురైదుగురి చొప్పున దగ్గరగా కత్తిరించి చూపించండి.

జరీ అంచు చీరలు ఇంకో చిక్కు. డీవీడీ బొమ్మను గీతలు గీతలుగా, ఒక విడత బేసివి, ఒక విడత సరివి చూపిస్తారు. సన్నని జరీ గీత ఒక్క విడతలోనే పడితే మిణుకు మిణుకుమంటుంది. ఫోటోను కాస్త మెత్తబరిస్తే ఇది తగ్గుతుంది. డీవీడీలో రంగు వివరం వెలుగు వివరంకంటే తక్కువ కాబట్టి ఎర్రటి అక్షరాలు చెదిరిపోతాయి. తెల్లని లావు అక్షరాలకి నల్ల అంచు వేయించండి. నిలువు ఫోటోని టీవీ నిండా సాగదీయనివ్వకండి, మనుషులు గుమ్మడికాయల్లా అవుతారు! పక్కల నల్లగా మిగిలితే తప్పేమీ లేదు.

ఒక్కొక్క ఫోటో అయిదారు సెకన్లు చాలు. గ్రూపుకి పదిసెకన్లు కావాలి, వీడెవరు, ఆవిడెవరు అని పేర్లు చెప్పుకునేదాకా ఆగాలిగా. నూరు ఫోటోలంటే పది నిమిషాలు. అంతకుమించితే చుట్టాలు భోజనాలకి లేస్తారు.

అన్నట్టు, అమెరికాలో వున్న అమ్మాయికి పంపేటట్లయితే స్టూడియో అతనితో "ఎన్.టి.ఎస్.సి.లో చెయ్యండి" అని ముందే చెప్పండి. మనది పాల్ పద్ధతి, అక్కడి ప్లేయర్లలో చాలావాటిలో అది ఆడదు. ఇక్కడి ప్లేయర్లలో మాత్రం సాధారణంగా రెండూ ఆడతాయి.

మరొక్క మాట. డీవీడీ అయ్యింది కదా అని అసలు ఫోటోలు చెరిపేసేరు! అందులోంచి మళ్ళీ మంచి ప్రింటు రాదు. పాత ఫోటోలు ఆల్బములో అంటుకుపోయి వుంటే పీకకుండా పేజీ పళంగానే స్కాన్ చేయించండి. ఆ ఫైళ్ళు అదే డిస్కులో వేరే ఫోల్డరులో వేయించి, ఇంకో కాపీ పెన్‌డ్రైవులో పెట్టుకోండి. డిస్కు మీద కాగితం అంటించవద్దు, బాల్‌పెన్నుతో రాయవద్దు. మెత్తటి మార్కరుతో పేరూ, తేదీ రాస్తే సరి. పంచేముందు మామగారు కూర్చునే కుర్చీలో కూర్చుని, మీ టీవీలోనే ఒకసారి మొదలునుంచి చివరిదాకా వేసి చూడండి.