పెరటిలో విడువరాని నాలుగు మొక్కలు

విస్తరణ కార్యక్రమాలలో పెరటి తోట అనగానే విత్తన సంచుల పంపిణీ గుర్తుకు వస్తుంది. వంగ, బెండ, టమాట, గోరుచిక్కుడు వంటి ఐదారు రకాల విత్తనాలను తొలకరిలో అందజేస్తాము. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేనూ అటువంటి పంపిణీ చేసి తృప్తిగా నివేదిక వ్రాశాను. మరుసటి మే నెలలో అవే ఇండ్లకు వెళ్లినపుడు చాలా పెరళ్లలో మడులు నెర్రెలు విచ్చి ఉన్నాయి. పచ్చగా మిగిలినవి మేము ఇవ్వని మొక్కలే: గోడవారన కరివేప, ప్రహరీ వెంట మునగ, మూలన నిమ్మ, తొట్టి దగ్గర బచ్చలి. ఇంటి ఇల్లాలు ఏ మొక్క లేనిదే గడవదని భావిస్తుందో, దానికే వేసవిలో ఒక చెంబు నీరు దక్కుతుంది. ఈ సత్యాన్ని మన ప్రణాళికలలో తగినంతగా గుర్తించలేదు.

దీని ప్రాముఖ్యం చిన్నది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. పెరటి తోట ఒక్కటే దానికి మందు కాదు. అయితే ఏడాది పొడవునా ఆకుకూర అందుబాటులో ఉండటం ఆహారపరంగా మనం చేయగల సులభమైన మేలు.

కరివేప: ఇది నిమ్మ కుటుంబానికి చెందినది. పండిన కాయల గుజ్జు తొలగించి విత్తనాలను వెంటనే నాటాలి. నిల్వ ఉంచితే మొలకశక్తి త్వరగా నశిస్తుంది. తల్లి మొక్క వేళ్ల నుండి వచ్చే పిలకలను వేరుతో సహా తీసి కూడా నాటవచ్చు. సున్నపు నేలల్లో లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు రంగుకు మారడం ఇనుపధాతు లోప లక్షణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తే కోలుకుంటుంది. ఆకు దూయడం కంటే కొమ్మ చివర్లు తుంచడం మేలు. పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా పెరుగుతుంది.

మునగ: తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పెరియకుళంలో రూపొందించిన పి.కె.ఎం.-1 రకాన్ని విత్తనం ద్వారా పెంచవచ్చు. నాటిన సుమారు ఆరు నెలలకే కాయ అందుతుంది. మొక్క 75 సెం.మీ. ఎత్తుకు రాగానే తల తుంచితే కొమ్మలు చేతికందే ఎత్తులో వస్తాయి. నీరు నిలిచే చోట వేరు కుళ్లుతుంది. కలప పెళుసు కనుక ఇంటి కప్పుకు దూరంగా నాటాలి. గొంగళి పురుగుల భయంతో చెట్టునే నరికివేయడం గ్రామాలలో తరచుగా చూస్తాము. ఆ పురుగులు పగటిపూట కాండంపై గుంపుగా చేరతాయి. అప్పుడే కాగడాతో నిర్మూలిస్తే చెట్టును కోల్పోవలసిన పని లేదు.

నిమ్మ: తిరుపతి పరిశోధనా స్థానం నుండి వెలువడిన బాలాజీ రకం గజ్జి తెగులును తట్టుకుంటుంది. నాటిన మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. నిమ్మ, కరివేపలను పక్కపక్కనే నాటరాదు. రెండింటినీ సిల్లా పురుగు, సీతాకోకచిలుక గొంగళి పురుగు ఆశిస్తాయి. సిల్లా నిమ్మలో గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేస్తుంది. పెరటి మొక్కలపై గొంగళి పురుగులను చేతితో ఏరివేయడమే ఉత్తమం. రోజూ కోసే ఆకుపై రసాయన మందు చల్లడం తగదు.

బచ్చలి: జానెడు తీగ ముక్క నాటితే చాలు, సులభంగా వేరూనుతుంది. ఎండ తీవ్రతను పాలకూర కంటే బాగా ఓర్చుకుంటుంది. సబ్బు ఎక్కువగా లేని, పాత్రలు కడిగిన నీటిని మొదట్లో పోయవచ్చు. ఆ నీరు ఆకులపై పడరాదు.

ఈ నాలుగూ ఒకే పళ్లెంలో కలుస్తాయి. ఆకుకూరలలోని ఇనుము శరీరానికి తక్కువగా అందుతుంది. విటమిన్ సి తోడైతే గ్రహణం పెరుగుతుంది. మునగాకు వేపుడు పొయ్యి మీద నుండి దించిన తరువాత నిమ్మరసం పిండితే విటమిన్ వేడికి నశించదు. ఆకుకూర తిన్న వెంటనే టీ తాగడం ఈ మేలును తగ్గిస్తుంది. విస్తరణ సిబ్బంది మొక్కతో పాటు ఈ మాట కూడా ఇంటికి చేర్చాలి.

కనుక పెరటి తోట ప్రణాళికలో ముందు ఈ నాలుగు మొక్కలకు స్థానం నిర్ణయించి, మిగిలిన జాగాలోనే ఋతువారీ కూరగాయల మడులు వేయించాలి. విద్యార్థులకు నా సూచన ఒక్కటే. పంచిన సంచుల సంఖ్యను నివేదికలో వ్రాయండి. దాని పక్కనే, మే నెలాఖరుకు బ్రతికి ఉన్న మొక్కల సంఖ్యనూ వ్రాయండి. మన కృషి ఎంతవరకు ఫలించిందో ఆ రెండవ అంకె చెబుతుంది.