పాత చిన్న కారు: అపోహలు – వాస్తవాలు

వానలో ఒకే బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో ఒకరు, ముందు ట్యాంకు మీద ఒకరు. ఈ ప్రయాణం చేసిన ప్రతి కుటుంబానికీ లక్షన్నరో రెండు లక్షలో పెట్టి ఒక పాత కారు కొనుక్కుందామన్న ఆలోచన వచ్చే ఉంటుంది. అది మంచి ఆలోచన. కానీ పైకి చెప్పగానే నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడతారు. బావమరిది ఒకటంటాడు, ఆఫీసులో ఇంకొకరు ఇంకొకటంటారు, బ్రోకరు వాళ్లందరినీ మించి చెబుతాడు. ఆ మాటల్లో నిజమూ ఉంటుంది, నిజంలా వినిపించే పొరపాటూ ఉంటుంది. మేం 2009 మోడల్ ఆల్టోను 2017లో రెండో ఓనర్లుగా కొన్నాం. ఇప్పటికీ అదే నడుపుతున్నాం. ఆ బండి నేర్పిన సంగతులు, షెడ్డుల్లో మెకానిక్‌ల పక్కన నిలబడి తెలుసుకున్న సంగతులు ఇక్కడ చెబుతాను.

అపోహ: పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకే పోవాలి

ఈ భయం ఢిల్లీ వార్తలు చూసి పుట్టింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినవి. వాటిని 2018లో సుప్రీం కోర్టు సమర్థించింది. ఆ తరవాత 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు దేశమంతటా రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపేశారు. ఈ రెండు వార్తలూ కలిసిపోయి మన ఊళ్లలో 'పదిహేనేళ్ల కారు పట్టుకుపోతారట' అయింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. ఆ తరవాత బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి, ఫిట్‌గా ఉందని తేలితే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఖర్చు మాత్రం బాగా పెరిగింది. 600 రూపాయలున్న కారు రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ దీనికి అదనం. అందుకని పదమూడు, పద్నాలుగేళ్ల బండిని బేరమాడేటప్పుడు ఈ మొత్తాన్ని ధరలోంచి తీసేసి మాట్లాడండి. అమ్మేవాళ్లు దీన్ని తమంతట తాము ప్రస్తావించరు.

అపోహ: తక్కువ తిరిగిన బండి ఎప్పుడూ మంచి బండే

మేం కొన్నప్పుడు మా ఆల్టో మీటరు మీద 31 వేల కిలోమీటర్లే ఉన్నాయి. ఎనిమిదేళ్లలో అంతే తిరిగిందంటే ఎంతో సంతోషించాం. మొదటి ఓనరు పెద్దాయన, బండిని ఎక్కువగా షెడ్డులోనే ఉంచారు. ఆ వేసవిలో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు లేవడం మొదలైంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి. దగ్గర్లోని షెడ్డు నుంచి వచ్చిన కుర్రాడు ఇంజిన్ చల్లబడేదాకా ఆగి, రేడియేటర్ పైపు ఊడదీసి, రెండు వేళ్ల మధ్య వంచి చూపించాడు. మామూలుగా చూస్తే నల్లగా, నున్నగా ఉంది. వంచగానే ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చుకున్నాయి. "ఇంజిన్‌కేం కాలేదు సార్, రబ్బరు ముసలిదైపోయింది" అన్నాడు. పైపు ఖరీదు నాలుగొందలు. ముల్లు చూసుకోకుండా ఇంకో ఐదు కిలోమీటర్లు తోలి ఉంటే హెడ్ గాస్కెట్ పోయి వేలల్లో తేలేది.

పాత కారులో ఇనుము కంటే ముందు రబ్బరు ముసలిదవుతుంది. తిరిగినా తిరగకపోయినా దాని వయసు ఆగదు. పైపులు, ఆయిల్ సీళ్లు, సస్పెన్షన్ బుష్‌లు, వైపర్లు, టైర్లు అన్నీ ఆ జాతివే. మారుతి 800, పాత శాంత్రో, మా ఆల్టో లాంటి వాటిలో టైమింగ్ బెల్టు కూడా రబ్బరుదే. అది దారిలో తెగితే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో వాల్వులు కూడా వంగిపోతాయి. మారుతి కె సిరీస్ ఇంజిన్లలో బెల్టుకు బదులు చైను ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లు బిల్లుతో చూపించలేకపోతే, మార్చలేదనే అనుకుని కొన్న వారంలోనే మార్పించుకోవాలి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరు మీద హైవే ఎక్కడం నాకు ధైర్యం చాలదు. అదీగాక నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు చేరతాయి. పల్లెటూళ్లలో, గోడౌన్ల పక్కన ఆపిన కార్లలో అవి వైర్లు కొరికేయడం షెడ్డులో రోజూ చూసే సంగతే.

పైగా ఆ మీటరు అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. 40 వేలు తిరిగిందంటున్న కారులో క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా మెరుస్తుంటే, స్టీరింగ్ చర్మం ఊడుతుంటే, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే ఆ అంకె అబద్ధమే. సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో బయటపడుతుంది.

అపోహ: రేడియేటర్‌కు నీళ్లు చాలు, కూలెంట్ డబ్బు దండగ

మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లటి పొర కట్టి ఉంటుంది. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. లోపలి లోహం తుప్పు పట్టి నీళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి. కూలెంట్ ఆ తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయినీ పెంచుతుంది. మే నెలలో మన ఎండకు, అందులోనూ ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడే చిన్న ఇంజిన్‌కు, ఈ తేడా చాలా పెద్దది. కొనబోయే బండి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. ఆకుపచ్చో ఎర్రో స్వచ్ఛమైన రంగు కనపడితే మంచిది. ఇటుక రంగు నీళ్లుంటే ఆ ఓనరు బండిని ఎలా చూసుకున్నాడో అదే చెబుతుంది. తరవాత ఇంజిన్ ఆయిల్ పోసే మూత తిప్పి అడుగు భాగం చూడండి. అక్కడ మీగడలాంటి తెల్లటి జిగురు మందంగా పట్టి ఉంటే నీళ్లూ ఆయిలూ కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే. దారిలో అత్యవసరానికి మంచినీళ్లు పోయడం తప్పు కాదు, ఇంటికొచ్చాక దాన్ని తీసేసి కూలెంట్ నింపకపోవడమే తప్పు.

ఇంకో మాట. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటే ఆ రోజుకు చూడటం మానేయండి. సెల్ఫ్ మొదటిసారి కొట్టినప్పుడే బండి తన జబ్బులు చెబుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ బోరుకు వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది.

అపోహ: వరదలో మునిగినా, కడిగి ఆరబెడితే మామూలు బండే

ఇది అన్నిటికంటే ప్రమాదమైన నమ్మకం. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ నీళ్లలో మునిగిన కార్లన్నీ తుక్కు దుకాణాలకు పోలేదు. బాగా చవగ్గా దొరికే బండి వెనక ఇలాంటి చరిత్ర ఉందేమో చూసుకోవాలి. ఇంజిన్‌ను బాగు చేయవచ్చు, ఆయిల్ మార్చవచ్చు. కానీ వైర్ల కట్టల్లోకి, కనెక్టర్లలోకి, ఏర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లోకి చేరిన బురదనీరు నెలల తరవాత పచ్చటి చిలుముగా బయటపడుతుంది. అప్పుడు ఏ దీపం ఎందుకు వెలుగుతోందో, బండి ఎందుకు ఆగిపోతోందో ఎలక్ట్రీషియన్ కూడా చెప్పలేడు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ మనం లాగేది సగమే కాబట్టి, లోపల చుట్టుకుని ఉండే చివరి మూర ఎవరూ కడగరు. అక్కడ మట్టిరంగు గీత అడ్డంగా కనపడితే నీళ్లు సీటు దాకా వచ్చినట్టే. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడండి, మెత్తటి ఇసుక తగులుతుందేమో. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ అద్దం లోపలి తేమ కూడా చూడండి. లోపలంతా కొత్త సెంటు వాసన గుప్పుమంటే రెండుసార్లు ఆలోచించండి.

అపోహ: డబ్బిచ్చాం, స్టాంపు పేపర్ రాసుకున్నాం, ఆర్సీ తరవాత మార్చుకోవచ్చు

ఇది అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఇద్దరికీ ముప్పే. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పిచ్చింది. 2007లో అమ్మేసిన బండి చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ బండి వల్ల ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. పరిహారం బాధ్యత ఎవరిదంటే, రికార్డులో ఓనరుగా ఎవరి పేరుందో వారిదేనని కోర్టు తేల్చింది. బండి చూసి రెండేళ్లయిన మనిషి మీద ఆ భారం పడింది.

ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు పద్నాలుగు రోజుల్లోపు ఆర్టీవోకు తెలపాలి, కొన్నవారు ముప్పై రోజుల్లోపు బదిలీకి దరఖాస్తు చేయాలి. ఇందుకు కావాల్సిన కాగితాలు ఫారం 29, ఫారం 30. లోను తీసుకుని కొన్న బండైతే ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 ఉండాలి. తెలంగాణ బండిని ఆంధ్రలో, ఆంధ్ర బండిని తెలంగాణలో పెట్టుకోవాలంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, బండి వెళ్లే రాష్ట్రంలో లైఫ్ టాక్స్ లెక్క కూడా ముందే తెలుసుకోవాలి. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్‌లో ఏపీ 09 నంబరుతో రిజిస్టరైన బండి తెలంగాణ బండే, నంబరు చూసి పొరబడొద్దు. చలాన్లు బాకీ ఉన్నాయేమో డబ్బిచ్చే ముందు ఆన్‌లైన్‌లో చూసుకోండి.

'ఇన్సూరెన్స్ ఉంది కదా' అన్న ధీమా కూడా ఇలాంటిదే. థర్డ్ పార్టీ కవర్ బండితోపాటు కొత్త ఓనరుకు వస్తుంది. మీ సొంత బండికి జరిగిన నష్టం కింద క్లెయిమ్ కావాలంటే మాత్రం పాలసీ మీ పేరుకు మారి ఉండాలి. అందుకు దరఖాస్తు గడువు పద్నాలుగు రోజులు. నో క్లెయిమ్ బోనస్ బండికి చెందింది కాదు, మనిషికి చెందింది. పాత ఓనరు 50 శాతం తగ్గింపు ఆయనతోనే వెళ్లిపోతుంది. అందుకే మీకొచ్చే ప్రీమియం ఆయన చెప్పినదానికంటే ఎక్కువ ఉంటుంది.

జీఎస్టీ గురించి కూడా అనవసరమైన కంగారు ఉంది. పాత కార్ల మీద 18 శాతమన్న వార్త జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న డీలర్లకు సంబంధించింది. అదీ వాళ్ల లాభం మీదే, బండి పూర్తి ధర మీద కాదు. మీ పక్కింటాయన తన కారు మీకు అమ్మితే జీఎస్టీ లేదు.

అపోహ: ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ పోస్తే పాత ఇంజిన్ పాడైపోతుంది, లేదా అసలేమీ కాదు

ఈ రెండు మాటలూ పూర్తి నిజం కావు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడోవంతు తక్కువ. కాబట్టి మైలేజీ తగ్గడం ఊహ కాదు, లెక్క. 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ కూడా ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందించి, పది శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో 6–7 శాతం తగ్గుతుందనే చెప్పింది. ఒక్క ట్యాంకుతో ఇంజిన్ చెడిపోదు. అయితే ఇథనాల్ పాత రబ్బరును దెబ్బతీస్తుంది, గాల్లోని తేమను పీల్చుకుంటుంది. అందుకని పాత బండిలో పెట్రోల్ పైపులు ఏడాదికోసారి చూపించుకోవాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచి కదపకుండా వదిలేయకూడదు. ప్రీమియం పెట్రోల్ పోస్తే బలం వస్తుందనుకోవడం, టైర్లలో నైట్రోజన్ నింపితే అద్భుతాలు జరుగుతాయనుకోవడం అనవసరం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దాన్ని పదిహేను రోజులకోసారి సరిచూసుకుంటే చాలు.

అపోహ: ఊళ్లో తిరిగే చిన్న బండికి సీటు బెల్టులెందుకు

పాత చిన్న కారు అసలు బలహీనత భద్రతలోనే ఉంది. దీన్ని దాచి కొనమని చెప్పడం అన్యాయం. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన చిన్న కార్లను ఢీకొట్టించి చూసినప్పుడు, ఏర్‌బ్యాగులు లేని ఆల్టో 800, నానో, ఐ10 లాంటివాటికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. డ్రైవర్‌కు ఏర్‌బ్యాగ్ తప్పనిసరైంది 2019 జులైలో. అంతకుముందు తయారైన చవక బండ్లలో చాలావాటికి అది లేదు. రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతే పది వేలు ఎక్కువైనా ఏర్‌బ్యాగ్, ఏబీఎస్ ఉన్నదాన్నే తీసుకోండి. అవి లేని బండైతే వేగం తగ్గించడం, బెల్టు పెట్టుకోవడం ఈ రెండే మనకున్న రక్షణ.

మేం ఆల్టో తెచ్చుకున్నప్పుడు వెనక సీటు బెల్టులు కనిపించలేదు. కవర్లు కుట్టించినప్పుడు సీటు కిందికి తోసేసినట్టున్నారు. ఆ ఆదివారం మా అమ్మాయి టార్చి పట్టుకుంటే, నేను సీటు ఎత్తి, దుమ్ము పట్టిన బకిల్స్‌ను ఒక్కొక్కటిగా పైకి లాగి, తడిగుడ్డతో తుడిచి, క్లిక్కుమనేదాకా పెట్టి చూశాను. ఆ రోజు నుంచి వెనక కూర్చున్నవాళ్ల బెల్టు చప్పుడు వినపడందే తాళం తిప్పను.