మారథాన్ పరుగులో చివరి చుట్టు

1984 ఆగస్టు 5వ తేదీన లాస్ ఏంజిలిస్ క్రీడాంగణములోనికి స్విట్జర్లాండు దేశీయురాలు గాబ్రియేలా ఆండర్సన్-షీస్ అడుగు పెట్టినప్పుడు ప్రేక్షకులు దిగ్భ్రాంతి చెందిరి. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మారథాన్ పందెము పెట్టుట అదే మొదలు. ఆమె దేహము ఒక ప్రక్కకు ఒరిగిపోయినది; ఎడమచేయి వ్రేలాడుచున్నది; కుడికాలు కొయ్యబారినది. ఇక మిగిలినది 400 మీటర్ల చుట్టు ఒక్కటే. దానికామెకు 5 నిమిషములకు పైగా పట్టినది. వైద్యులు దగ్గరకు వచ్చిరి. వారు తాకినచో పందెమునుండి తొలగింతురని ఆమె తప్పుకొని నడచినది. వైద్యులును ఆమెను ఆపలేదు. కారణమేమనగా, ఆమె మేనిపై చెమట కనిపించుచుండెను.

చెమటకు అంత ప్రాధాన్యమెందుకో లెక్క వేసి చూతము. 60 కిలోల బరువుగల మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తుటకు సుమారు 60 కిలోకాలరీలు వెచ్చించును. పందెపు దూరము 42.195 కిలోమీటర్లు, కావున మొత్తము 2,500. ఇందులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు, అనగా దాదాపు 1,900 కిలోకాలరీలు, వేడిగా మారును. అట్టి దేహమును ఒక డిగ్రీ వేడిచేయుటకు 50 కిలోకాలరీలు చాలును. ఈ వేడి అంతయు లోపలనే నిలిచినచో దేహోష్ణత 37 డిగ్రీల నుండి 75 డిగ్రీల వరకు పోవలెను! అట్లు జరుగకుండ కాపాడునది ముఖ్యముగా చెమటయే. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు 580 కిలోకాలరీల వేడిని దేహమునుండి లాగుకొనును. అయితే చెమట ఆవిరి కావలెను. నేల రాలిన బొట్టు వలన ప్రయోజనము లేదు. సముద్రతీరపు ఉక్కలో మనకు ఎంత చెమట పోసినను హాయి లేకుండుటకు కారణమిదే.

ఆండర్సన్-షీస్ దారిలోని చివరి నీటి కేంద్రమును గమనింపక దాటిపోయినది. అయినను చెమట ఆగలేదు కనుక ప్రమాదము లేదని వైద్యులు తలచిరి. ఆమె 37వ స్థానమున గమ్యము చేరి, కొద్ది గంటలలోనే కోలుకొన్నది. కాని ఉపాధ్యాయులు ఈ గుర్తును పూర్తిగా నమ్మరాదు. పరుగెత్తువారిలో చెమట ధారగా కారుచుండగనే వడదెబ్బ తగులుట కలదని నేడు తెలియును. పిల్లవాడు తూలుచు, పొంతనలేని మాటలాడుచున్నచో చెమటను చూచి ఊరకుండక, వెంటనే చన్నీటితో దేహమంతయు చల్లబరచి వైద్యుని పిలువవలెను. పరీక్షించుటకై వైద్యుడు తాకినంత మాత్రమున పోటీదారును తొలగింపరాదని ఇప్పటి నియమము.

చివరి మైళ్ళలో కాళ్ళు మొరాయించుటకు వేడి ఒక్కటే కారణము కాదు. మన కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో 400 గ్రాములు గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. గ్రామునకు 4 చొప్పున దీనివలన లభించునది 2,000 కిలోకాలరీలు మాత్రమే. పందెమునకు కావలసినవి 2,500. క్రొవ్వు కొంత తోడ్పడును గాని, దానినుండి శక్తి మెల్లగా వచ్చును. ప్రాణవాయువు ఎక్కువ కావలెను. అందుచేత 30 కిలోమీటర్లు దాటిన పిమ్మట చాలమందికి ఎదుట గోడ నిలిచినట్లగును. మెదడు ముఖ్యముగా రక్తములోని చక్కెరపై ఆధారపడును కనుక బుద్ధియు తడబడును. 1924లో బోస్టన్ మారథాన్ ముగించినవారి రక్తమును పరీక్షింపగా, సొమ్మసిల్లిన కొందరిలో చక్కెర బాగుగా తగ్గియుండెను. మరుసటి ఏడు దారిలో మిఠాయి తినిపింపగా పరుగువారి స్థితి మెరుగైనది.

1966లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిలు యంత్రమునకు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్క కాలితోనే అలసిపోవువరకు త్రొక్కిరి. సూదితో కండరపు తునకలు తీసి చూడగా, త్రొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు అడుగంటినది. రెండవ కాలిలో అట్లే యున్నది. తరువాత మూడు రోజులు పిండిపదార్థములు మెండుగా తినగా, అలసిన కాలిలోని నిలువ రెండవ కాలికంటె రెట్టింపైనది! పందెమునకు రెండు మూడు రోజుల ముందునుండి మారథాన్ వీరులు అన్నము, రొట్టె దండిగా తినుట అందుకొరకే.