విమానాలకూ పంట విరామమే!

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల్లో వీధికి ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉండటం కొత్త సంగతి కాదు. కువైట్, దుబాయ్, మస్కట్, దోహా పేర్లు మన ఇళ్లలో పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. అరెకరమో, ఎకరమో కొబ్బరితోట ఉన్న ఇంట్లో దింపు సొమ్ము తిండికీ, ఎరువుకీ సరిపోతుంది. పిల్ల పెళ్లికైనా, ఇంటి శ్లాబుకైనా, దాళ్వా పెట్టుబడికైనా అక్కడి నుంచి వచ్చే డబ్బే ఆధారం. అందుకే విమానం కబురు కూడా రైతు కబురే. ‘మావాడు ఎక్కాల్సిన ఫ్లైటు తీసేశారంటండి, డబ్బులు వెనక్కి వస్తాయంటారా?’ అన్న ప్రశ్న మన టీ కొట్ల దగ్గర వినిపిస్తూనే ఉంటుంది.

దీనికి జవాబు చెప్పాలంటే, విమాన సంస్థ ఒక దారిని ఎందుకు వదులుకుంటుందో, ఇంకో సంస్థ దాన్ని ఎలా అందుకుంటుందో ముందు తెలియాలి. రైతుకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. చేను ఉంది, నీరు ఉంది, పండించడం చేతనవును. అయినా గిట్టుబాటు కాక నాట్లు మానేశారు. విమాన సంస్థలు చేసేదీ అదే.

ఎందుకు వదిలేస్తారు?

విమానం నడిపే ఖర్చులో ఇంధనానిదే పెద్ద వాటా. సీట్లు నిండినా, ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు దాదాపు ఒక్కటే. గల్ఫ్ దారిలో ఇంకో ఇబ్బంది ఉంది. క్రిస్మస్, సంక్రాంతికి ముందు అటు నుంచి వచ్చే విమానాలు కిటకిటలాడతాయి. పండగ వెళ్లాక రద్దీ అంతా ఇటు నుంచి అటే. నిండుగా వచ్చిన విమానం సగం సీట్లతో తిరిగి వెళ్తే లెక్క కుదరదు. అదే విమానాన్ని మరో దారిలో తిప్పితే ఎక్కువ వస్తుందనుకుంటే సంస్థ ఈ దారి వదిలేస్తుంది. ఆర్టీసీ బస్సులాగా ‘ఊరికి సర్వీసు ఉండాలి కదా’ అనే బాధ్యత దానికి లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ గన్నవరమే. 2018 డిసెంబరు 4న ఇండిగో సంస్థ విజయవాడ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది. సీట్లు నిండక వచ్చే నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించేలా ఒప్పందం కుదిరింది. ఆ సాయం ముగిశాక, 2019 జూన్‌లో సర్వీసు ఆగిపోయింది. ఆరేళ్లు దాటాక, 2025 నవంబరు 15న అదే సంస్థ అదే దారిలో మళ్లీ విమానం వేసింది. మద్దతు ధర తీసేస్తే పంట మారినట్టే ఇది కూడా.

గల్ఫ్ వైపు చూస్తే, 2022 అక్టోబరు 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విజయవాడ నుంచి షార్జాకు విమానం వేసింది. అమలాపురం, కొత్తపేట వాళ్లు అంతర్జాతీయ విమానం కోసం శంషాబాద్ దాకా రాత్రంతా బస్సులో వెళ్లే బాధ దీంతో కొంత తగ్గింది. మధురపూడి మనకు ఇంకా దగ్గరే గాని, అక్కడ విదేశీ సర్వీసుల్లేవు.

హక్కు కూడా ఉండాలి

విదేశీ దారిలో విమానం నడపడానికి డబ్బొక్కటే చాలదు. రెండు దేశాల ప్రభుత్వాలు ముందుగా ఒప్పందం చేసుకుని, వారానికి ఇన్ని సీట్లని నిర్ణయిస్తాయి. కాలువ నీటికి వంతు ఉన్నట్టే, ఆకాశంలోనూ వంతు ఉంది. భారత్, కువైట్ మధ్య ఒక్కో వైపు సంస్థలకు వారానికి 12,000 సీట్లే ఉండేవి. 2025 జులైలో దీన్ని 18,000కు పెంచారు. అంతకుముందు పద్దెనిమిదేళ్లపాటు ఆ సంఖ్య కదల్లేదు. వెళ్లేవాళ్లు పెరిగి, సీట్లు పెరగకపోతే టిక్కెట్టు ధర ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒక సంస్థ మూతపడినప్పుడు ఈ హక్కులు వృథాగా పోవు. 1993లో మొదలైన జెట్ ఎయిర్‌వేస్ అప్పుల్లో కూరుకుపోయి 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆపేసింది. దాని విదేశీ హక్కులను ప్రభుత్వం తాత్కాలికంగా మిగతా సంస్థలకు పంచింది. అంతకు చాలా ముందు, 1991లో అమెరికాకు చెందిన పాన్ యామ్ కూడా ఇలాగే తన లండన్ దారులను యునైటెడ్‌కు అమ్ముకుంది. తర్వాత యూరప్ దారుల్లో చాలావాటిని డెల్టా తీసుకుంది. ఆ ఏడాది డిసెంబరు 4న పాన్ యామ్ మూతపడింది. ఎక్కడైనా తంతు ఒకటే. దారి బతుకుతుంది, నడిపేవాడు మారతాడు.

చేను మారింది, అప్పు మారలేదు

అసలు చిక్కు ఇక్కడే. పాత కౌలుదారు పంట వచ్చాక ధాన్యం ఇస్తానని మీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడనుకోండి. కౌలు వదిలేసి వెళ్లిపోయాడు. అదే చేనులో మరుసటేడు ఇంకొకరు పంట వేశారు. ‘నా ధాన్యం ఏదయ్యా?’ అని ఆయన్ని అడగగలమా? విమానం టిక్కెట్టూ అంతే. అది దారిమీద ఇచ్చిన హామీ కాదు, డబ్బు తీసుకున్న సంస్థ ఇచ్చిన హామీ. దారిని ఇంకొకరు అందుకున్నా, మీ పాత టిక్కెట్టు వాళ్ల దగ్గర చెల్లదు.

ఆ సంస్థే దివాలా తీస్తే, టిక్కెట్టు కొన్నవాళ్లు కూడా అప్పులవాళ్ల వరసలో చేరతారు. బ్యాంకులు ముందుంటాయి, మన వంతు ఎక్కడో చివర. జెట్ ఎయిర్‌వేస్ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబరు 7న. అంటే విమానాలు ఆగిన అయిదున్నరేళ్లకు! గో ఫస్ట్ సంస్థ కూడా 2023 మే 3 నుంచి విమానాలు ఆపేసి, 2025 జనవరిలో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఒకే గూటి సంస్థల మధ్య దారి మారినప్పుడు మాత్రం ఇంత భయం లేదు. విశాఖపట్నం, సింగపూర్ దారిని 2019 అక్టోబరులో సిల్క్ ఎయిర్ నుంచి స్కూట్ తీసుకుంది. రెండూ సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంస్థలే. అన్నదమ్ముల పంపకం లాంటిదన్నమాట. అయినా సామాను బరువు, భోజనం, వేళలు మారవచ్చు. కొత్త కాగితం అడిగి తీసుకోవాలి.

టిక్కెట్టు కొనేముందు

మనకు సార్వా, దాళ్వా ఉన్నట్టే విమానాలకూ రెండు కార్లు ఉన్నాయి. వేసవి పట్టిక మార్చి చివరి ఆదివారం మొదలవుతుంది, శీతాకాలపు పట్టిక అక్టోబరు చివరి ఆదివారం. సర్వీసులు తీసేయడం, వేయడం, వేళలు మార్చడం ఎక్కువగా ఈ మలుపుల్లోనే జరుగుతాయి. మార్చిలో కొని ఏప్రిల్‌లో, అక్టోబరులో కొని నవంబరులో ప్రయాణించేవాళ్లు బయల్దేరే వారం ముందు మరోసారి విచారించుకోవాలి.

టిక్కెట్టు మీద ఏజెంటు ఫోను నంబరు కాదు, మీ సొంత నంబరే ఉండాలి. 2023 మార్చి 29న గన్నవరం నుంచి కువైట్ వెళ్లే విమానం మార్చిన వేళకు, అంటే ముందే వెళ్లిపోవడంతో పదిహేను మందికి పైగా ప్రయాణికులు కింద ఉండిపోయారు. వేళ మార్పు ముందే తెలియజేశామని సంస్థ చెప్పింది. కబురు మన చేతికే అందేలా చూసుకోవడం మన పని.

హైదరాబాద్ నుంచి ముంబయికి ఒక టిక్కెట్టు, ముంబయి నుంచి కువైట్‌కు ఇంకో టిక్కెట్టు అని విడివిడిగా కొంటే కొంచెం చవక కావచ్చు. మొదటి విమానం రద్దయితే రెండో టిక్కెట్టు డబ్బు పోయినట్టే. మొత్తం ప్రయాణానికి ఒకే పీఎన్‌ఆర్ నంబరు ఉంటే, గమ్యం చేర్చే పూచీ సంస్థది.

సంస్థే విమానం రద్దు చేస్తే, మరో విమానంలో సీటు కావాలో, డబ్బు వాపసు కావాలో తేల్చుకునే హక్కు ప్రయాణికుడిదే. ఏజెంటు దగ్గర కొన్నా, వాపసు బాధ్యత సంస్థదేనని పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధన చెబుతోంది. ‘క్రెడిట్ ఉంచాం, తర్వాత వాడుకోండి’ అంటే ఒప్పుకోవాలని లేదు. డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు దాచుకోండి. వాపసు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్ సేవా ద్వారా గాని, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు.

సెలవుకి వచ్చినవాళ్లు అకామా గడువు చివరి రోజుకు టిక్కెట్టు పెట్టుకోకూడదు. ఆ ఒక్క విమానం తప్పితే పోయేది టిక్కెట్టు సొమ్మే కాదు, ఉద్యోగం కూడా. గడువుకు కనీసం రెండు వారాలు ముందుండాలి.

యుద్ధమో, మహమ్మారో వస్తే ప్రభుత్వమే విమానాలు పంపుతుంది. 1990లో కువైట్‌పై ఇరాక్ దాడి చేసినప్పుడు ఎయిర్ ఇండియా అమ్మాన్ నుంచి లక్షమందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చింది. 2020 మే 7 నుంచి వందే భారత్ విమానాలు నడిచాయి. కాని ఒక సంస్థకు గిట్టుబాటు కాక దారి వదిలేసినప్పుడు మనకోసం ఎవరూ రారు. తోట తాకట్టు పెట్టి, బంగారం కుదువ పెట్టి కొనే టిక్కెట్టది. విత్తనం కొనేటప్పుడు సంచి మీద చీటీ చదివినంత జాగ్రత్తగా, టిక్కెట్టు కాగితం కూడా చదవాలి.