ఆకాశానికి ఛాయాచిత్రం

ఆకాశాన్ని చూడటం వేరు. చూచినదాన్ని చిత్రంగా భద్రపరచడం వేరు. చూపు క్షణకాలం నిలుస్తుంది. చిత్రం ఏళ్లు గడచినా కొలతకు అందుతుంది. ఈ విద్య కేవలం వినోదం కాదనడానికి తెలుగునాటనే నిదర్శనం ఉన్నది.

హైదరాబాదుకు చెందిన నవాబు జఫర్ జంగ్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుడు కాడు. ఆసక్తి కొలది ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పాడు. 1907లో ఆయన మరణించగా, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్ర పట్టిక కూర్చాలని పలు దేశాల వేధశాలలు పని పంచుకొన్నాయి. మొదట చిలీ దేశపు సాంటియాగోకు కేటాయించిన భాగం, అనగా ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ, తరువాత హైదరాబాదుకు వచ్చింది. గాజు పలకలపై తీసిన ఆ చిత్రాల నుండి లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచారు. ఒక వ్యక్తి అభిరుచి ఈ విధంగా లోకానికి పనికివచ్చింది.

నేటి విద్యార్థికి గాజు పలకలు అక్కరలేదు. కెమెరా, కదలని మూడుకాళ్ల స్టాండు చాలును. చంద్రునిపై పడేది సూర్యకాంతియే గనుక ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 11 వద్ద సెకనులో 125వ వంతు సరిపోతుంది. పున్నమినాడు నీడలుండవు; అష్టమినాడు వెలుగు చీకట్ల సరిహద్దున గుంతలు, కొండలు స్పష్టంగా తేలుతాయి. నక్షత్రాలకు ఎక్కువ వ్యవధి కావాలి. కాని భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 24 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు 20 సెకనులు మించితే చుక్క గీతగా మారుతుంది. గురు, శని గ్రహాలకు దూరదర్శిని అవసరం. గాలి కదలికకు బింబం వణుకుతుంది గనుక వీడియో తీసి, స్పష్టమైన చిత్రాలను మాత్రమే ఏరి కలుపుతారు.

మన నెల్లూరు తీరం ఇందుకు అనుకూలమైనది. మైపాడు వద్ద చంద్రుడు నేరుగా సముద్రం నుండి ఉదయిస్తాడు. ఈశాన్య ఋతుపవనాలు వెళ్లిన పిమ్మట, మాఘమాసపు రాత్రులలో అగస్త్య నక్షత్రం దక్షిణాన సుమారు 23 డిగ్రీల ఎత్తున ప్రకాశిస్తుంది. ఉప్పుగాలి, తేమ లెన్సుకు శత్రువులు. పని ముగియగానే మెత్తని పొడిగుడ్డతో తుడవాలి.

అంతకంటె పెద్ద శత్రువు విద్యుద్దీపాల వెలుగు. రేవులు, రొయ్యల చెరువులు, రహదారులు జీవనాధారాలే. అయినను పైకి చిమ్మే ప్రతి దీపం కొన్ని నక్షత్రాలను మరుగుపరుస్తుంది. విద్యార్థులు ఏటా ఒకే చోట, ఒకే మాసంలో, వెన్నెల లేని రాత్రి, అదే కెమెరాతో, అదే వ్యవధితో ఆకాశాన్ని తీసి కళాశాలలో భద్రపరచిన యెడల, చీకటి ఎంత తరిగిందో పదేళ్లకు లెక్కతో చెప్పగలరు. ఇందుకు ధనం కంటె క్రమశిక్షణ ముఖ్యం. అటువంటి పనికి కళాశాల కమిటీ పెద్దల ప్రోత్సాహం లభించగలదని ఆశిద్దాం.